మెత్తని బోల్టు

కిందటి వారం దోరాయ్ తోపుడు బండిలో ఇనుము కోసే గ్యాస్ సిలిండర్లు వేసుకుని మామగారి ఇంటివైపు దిగడం చూశాం. ఎందుకు దిగిందో తెలియనివారి కోసం నాలుగు మాటలు.

కిబాలుగ్ కొండవాలు మీద ఎండలు ముదిరాయంటే కోగన్ గడ్డి నిలువెత్తున ఎండి, ఎవడో పారేసిన చుట్టముక్కకే అంటుకుంటుంది. కిందటేడు ఆ మంట కాఫీ తోటల్ని మసి చేసి, ప్రార్థన మందిరం వెనక గోడ దాకా వచ్చి ఆగింది. ఈసారి గడ్డి పూర్తిగా ఎండేలోగా ఊరి పైభాగాన వెడల్పాటి పట్టీ కోసి పెట్టాలని ఊరంతా కూర్చుని అనుకుంది. మంట అక్కడికొచ్చి, తినడానికేమీ దొరక్క ఆగిపోవాలి. కొడవళ్ళతో తెమిలే పని కాదు. సంఘానికి చిన్న ట్రాక్టరు ఒకటి ఉంది. దాని వెనక తగిలించి, బ్లేడ్లు గిర్రున తిరుగుతూ గడ్డిని కోసే యంత్రం కావాలి. ఆ ఊళ్ళో అలాంటిది చేయగలిగింది ఇనుము అతికే పని చేసే దోరాయ్ ఒక్కతే.

ఆమె ఇంతకుముందు ఒకటి చేసింది. దాన్నుంచి ఊడి ఎగిరిన బ్లేడే మామ తేర్యో ఎడమ పాదాన్ని తీసుకుపోయింది.

ఆ రోజునుంచి దోరాయ్ గేట్లు అతికింది, కిటికీ చువ్వలు అతికింది, పందుల దొడ్డి తలుపులు అతికింది. తిరిగే వస్తువేదీ ముట్టుకోలేదు. ఊరు మళ్ళీ మళ్ళీ అడిగాక, పోయిన నెలలో ఒప్పుకుంది. ఇప్పుడు ఆమె కొట్టంలో ఇనపరేకు కప్పు సిద్ధంగా ఉంది. లారీ కమాన్ పట్టీలు కోసి సానపట్టిన బ్లేడ్లు ఉన్నాయి. రాయి తగిలితే పైకి జారిపోవడానికి పాత దుక్కి పళ్ళెం ఉంది. లేనిదల్లా ట్రాక్టరు తిప్పుడుని మలిపి కిందికి దింపే పళ్ళచక్రాల పెట్టె. బండి వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉంటుందే, ఆ డిఫరెన్షియల్. చుట్టుపక్కల అలాంటిది మిగిలింది ఒక్కచోటే. తేర్యో పెరట్లో, రాళ్ళమీద నిలబెట్టిన ఆయన పాత ప్రయాణికుల బండి, జీప్నీ కింద.

* * *

మలుపు దగ్గర అరటికాయలు వేయించి అమ్మే లూసింగ్, బండిని చూడగానే గరిటె ఆపింది.

“ఏమే దోరాయ్, మీ మావయ్యని జీప్నీ అడగబోతున్నావటగా?”

“మొత్తం జీప్నీ కాదు అక్కా. వెనక ఇరుసు.”

“దానికన్నా నోట్లో పన్ను అడుగు. అదైతే ఇస్తాడేమో!” అని నవ్వి, కాగితంలో రెండు ముక్కలు చుట్టి బండిలో పడేసింది. “పట్టుకెళ్ళు. తిట్లు తినేముందు కడుపులో ఏదైనా ఉండాలి.”

తేర్యో వాకిట్లో వెదురు కుర్చీలో కూర్చుని, కర్రని మోకాళ్ళమీద అడ్డంగా పెట్టుకుని ఉన్నాడు. ముప్పయ్యేళ్ళపాటు కొండ దారిలో జీప్నీ నడిపిన మనిషి. వర్షాకాలంలో బురద చక్రాల ఇరుసుల దాకా వచ్చినా ఆయన బండి ఆగేది కాదని అప్పట్లో చెప్పుకునేవారు. బండి నుదుటిమీద ఎర్రరంగుతో రాయించిన పేరు ఇంకా కనిపిస్తోంది: నెనితా. పోయిన భార్య పేరు. ఇప్పుడు ఆ బండికి చక్రాల్లేవు. సీటు కింద కోడిపెట్ట పొదుగుతోంది.

కాలు పోయాక ఆయన కొడుకు ఇంట్లో ఉండనని ఇక్కడికి దిగివచ్చాడు. ఆ కొడుకే దోరాయ్ భర్త సాంతో. రోజూ సాయంత్రం మొక్కజొన్న అన్నం, ఎండుచేప పట్టుకొస్తాడు. అవి వండేది దోరాయ్ అని తెలిసే ముసలాయన తింటాడు. ఆమెతో మాత్రం మాట్లాడడు.

ఇవాళ మాట్లాడాడు.

“సిలిండర్లు వెంట తెచ్చావంటే అడగడానికి రాలేదన్నమాట. కోసుకుపోడానికే వచ్చావు.”

“అడగడానికే వచ్చాను మావయ్యా. మీరు సరేనంటే మళ్ళీ పైకెక్కి దిగే ఓపిక లేక తెచ్చాను.”

“ఒక కాలు తీసుకున్నావు. ఇప్పుడు బండి ఇరుసు. ఆ తర్వాత ఏం పట్టుకెళ్తావు, నా వెన్నుపూసా?”

దోరాయ్ తోపుడు బండిని నీడకి జరిపింది. ఈ మాటలు ఆమెకి కొత్త కాదు. ఆయన నోట మొదటిసారి వింటోంది, అంతే. ఊళ్ళో చాలామంది చాలాసార్లు అన్నారు. ఆడదాని అతుకు అన్నారు, తొందరపడి అతికింది అన్నారు. ఆమె కాదనలేదు. విరిగిన యంత్రాన్ని ఆమె చూసుకుంది కూడా. బ్లేడ్లని మోసే అడుగు పలక దగ్గర, ఆమె వేసిన అతుకే చీలిపోయి ఉంది. ఆ అతుకుని ఆమె మనసులో ఎన్నిసార్లు మళ్ళీ వేసిందో లెక్కలేదు. ఎక్కడ తప్పు జరిగిందో ఒక్కసారీ దొరకలేదు.

“మంట దిగితే మొదటి ఇల్లు మీదే మావయ్యా,” అంది.

“దిగనీ. నేనెలాగూ పరిగెత్తలేను. కూర్చుని చూస్తాను.”

“మీ ఇల్లు సరే. పైన సాంతో నాటిన కాఫీ మొక్కల మాటేంటి? ఈ ఏడే మొదటి పూత.”

ముసలాయన కర్ర కొనతో నేలమీద గీత గీశాడు. కొడుకు పేరు వస్తే ఆయన మెత్తబడతాడని దోరాయ్‌కి తెలుసు. ఆ పేరు వాడుకున్నందుకు ఆమెకి కొంచెం సిగ్గేసింది కూడా.

“సరే, తీసుకో,” అన్నాడు చివరికి. “కానీ విప్పేది నువ్వు కాదు. సాంతో వచ్చి విప్పుతాడు. నా బండిమీద నీ చెయ్యి పడకూడదు.”

“అలాగే. కాసేపట్లో ట్రాక్టరు తెస్తానన్నాడు. ఈలోగా పళ్ళు అరిగాయో లేదో ఒకసారి చూస్తాను.”

“చూడక్కర్లేదు. బాగానే ఉన్నాయి.”

“ఒక్క నిమిషం.”

గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా బండి కిందికి జారింది. తల పైనే కోడిపెట్ట గుర్రుమంది. పొడుగు షాఫ్టుని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పెట్టెలోపల పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్న చప్పుడు, వదులు లేకుండా, నిండుగా వినిపించింది. మంచి సరుకు. దీన్ని, షాఫ్టు తగిలే ముక్కు కిందికి ఉండేలా నిలబెట్టాలి. ఒక పక్క ఇరుసుని కదలకుండా బిగించేసి, రెండో పక్కనుంచి ట్రాక్టరు తిప్పితే, కింది ముక్కు దానికి రెండింతల వేగంతో తిరుగుతుంది. గడ్డికి అది చాలు.

“బయటికి రా!” పైనుంచి తేర్యో అరిచాడు. “చెప్తుంటే వినబడదా? రా బయటికి!”

కుర్చీ కిర్రుమంది. కర్ర చప్పుడు దగ్గరికి వచ్చింది. ఇంత కోపం దేనికా అనుకుంటూ ఆమె పక్కకి తిరిగింది. అప్పుడు బండి బరువు మోసే కమాన్ కట్ట చివర బోల్టులు కంటికి ఎదురుగా వచ్చాయి.

కుడి పక్క రెండు బోల్టులు లావుగా ఉన్నాయి. తలలమీద గట్టితనం చెప్పే అంకెలు అచ్చువేసి ఉన్నాయి. ఎడమ పక్క పైన ఉన్నదీ అంతే. కిందిది మాత్రం వేరు. సన్నగా ఉంది, తలమీద ఏ అంకే లేదు. రంధ్రం వదులైతే పాత ట్యూబు ముక్క చుట్టి దూర్చారు. ఆ రబ్బరు ఎండి పగిలిపోయిన చోట, బోల్టు నడుము చుట్టూ ఆకురాయితో తీసిన గాడి కనిపిస్తోంది.

ఆ గాడి ఆమె తీసిందే. ఎడమచేతి వాటం కాబట్టి ఆమె ఆకురాయి ఎప్పుడూ ఒక పక్కకి వాలుతుంది. గాడి అలాగే వాలి ఉంది.

ట్రాక్టరుకీ కోత యంత్రానికీ మధ్య ఉండే షాఫ్టులో ఒక మెత్తని బోల్టు పెట్టడం ఆ పనిలో మొదటి నియమం. బ్లేడు రాయికో మొద్దుకో తగిలితే, ముందు ఆ బోల్టు తెగాలి. తిప్పుడు ఆగిపోవాలి. మిగతా యంత్రం బతకాలి, పక్కన ఉన్న మనిషి బతకాలి. మొదటి యంత్రానికి ఆమె అలాంటివి పిడికెడు చేసి, సీసాలో పోసి సాంతోకి ఇచ్చింది. అందులో ఒకటి తెగకుండా, చెక్కుచెదరకుండా, ఈ జీప్నీ కింద ఉంది. అంటే దీనికి బదులు ఇక్కడి గట్టి బోల్టు ఆ రోజు షాఫ్టులోకి వెళ్ళింది. మొద్దు తగిలినప్పుడు తెగాల్సింది తెగలేదు. దెబ్బంతా కిందికి పోయి అతుకుమీద పడింది.

ఆ దెబ్బకి ఏ అతుకూ ఆగదు.

కర్ర, దాని పక్కన ఒంటి పాదం, జీప్నీ అంచు కింద కనిపిస్తున్నాయి. ఆయన ఇప్పుడు అరవడం లేదు.

నడుముకి కట్టిన సంచిలోంచి పానా తీసి నట్టు విప్పింది. తుప్పు పట్టినా మొరాయించకుండా వచ్చింది. బయటికి జారి, లేచి నిలబడి, బోల్టుని అరచేతిలో పెట్టి చూపించింది.

“ఇది మీకు తెలుసా మావయ్యా?”

తేర్యో చూడలేదు. చూడకపోవడంతోనే ఆమెకి జవాబు దొరికింది.

“ఎప్పటినుంచి తెలుసు?”

“కూర్చో.”

“ఎప్పటినుంచి?”

“ఆ రోజునుంచే.” ఆయన నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు. “పొద్దున్నించీ అవి తెగుతూనే ఉన్నాయి. ఒకటి మార్చడం, పది అడుగులు పోవడం, మళ్ళీ తెగడం. సాంతోకి విసుగొచ్చింది. కుర్రవాడు. గట్టిది బిగించేశాడు.”

“నేను ఆసుపత్రిలో మీ మంచం పక్కన కూర్చున్నాను. మీకు మెలకువ వచ్చి, నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నారు. అప్పటికే తెలుసా మీకు?”

ఆయన కర్ర కొనతో ఇందాకటి గీతని చెరిపాడు.

“నేనక్కడ ఉన్నప్పుడు సాంతో యంత్రాన్ని విప్పి, షాఫ్టు లోయలో పారేశాడు. నా కంట పడకూడదని చేశాడనుకున్నాను. నా మీద జాలితో చేశాడనుకున్నాను.” ఆమె గొంతు పెరగలేదు. “ఊరంతా నా అతుకు అంటుంటే మీరిద్దరూ విన్నారు.”

“వాడు నా కొడుకు దోరాయ్. తండ్రి కాలు వాడే తీశాడని ఊరికి తెలిస్తే, వాడిక్కడ తలెత్తుకు తిరగలేడు. వాడి సంగతి నీకు తెలుసు. ఏదో ఒకటి చేసుకుంటాడు. నువ్వలా కాదు. నువ్వు తట్టుకోగలవు. తట్టుకున్నావు కూడా.”

“తట్టుకుంటానని మీరే అనుకున్నారు. నన్నడగలేదు.”

“ఇప్పుడు అడుగుతున్నాను. ఇరుసు తీసుకో. కమాన్లు తీసుకో. కావాలంటే ఇంజన్ కూడా విప్పుకో. మొత్తం బండి నీదే. వాణ్ణి మాత్రం ఏమీ అడక్కు.”

జీప్నీ నుదుటిమీద అత్తగారి పేరు ఎండకి మెరిసింది. దోరాయ్ దానివైపు చూసింది. ఈ బండిమీద ఈగ వాలినా ఒప్పుకోని మనిషి, ఇప్పుడు మొత్తం ఇచ్చేస్తానంటున్నాడు. కొడుకు కోసం అయితే ఇవ్వొచ్చు. అయినా ఆయన కళ్ళు నేలమీంచి లేవకపోవడం ఆమెకి ఎందుకో అతకలేదు.

అప్పుడే దారి మలుపులో ట్రాక్టరు చప్పుడు వినిపించింది.

* * *

సాంతో ఈలవేసుకుంటూ వచ్చాడు. గడ్డిటోపీ వెనక్కి తోసి, పెరట్లోకి మలిపి, ఇంజన్ ఆపాడు. భార్య చేతిలో ఉన్నది చూశాక ఈల ఆగింది. దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

“అంతా చెప్పాను,” అన్నాడు తేర్యో తొందరగా. “నీకు విసుగొచ్చి మార్చావని చెప్పాను. దోరాయ్ అర్థం చేసుకుంది. ఇంక ఆ మాట ఎత్తదు.”

సాంతో తండ్రివైపు తిరిగాడు. మొహంలో భయం లేదు. అలిసిపోయిన మనిషి మొహం అది.

“నేను మార్చానని చెప్పావా నాన్నా?”

“సాంతో...”

“నాతో అనే మాటే దానికి కూడా చెప్పావా?”

“నువ్వు ఊరుకో.”

“ఊరుకున్నాను కదా ఇన్నాళ్ళూ.” దిగి వచ్చి భార్యకి ఎదురుగా నిలబడ్డాడు. “బిగించింది నేనే దోరాయ్. ఆ మాట నిజం. కానీ విప్పి తెచ్చింది నాన్న. మూడోది తెగగానే కిందికొచ్చి, ఈ బండి కింద దూరి, ఆ బోల్టు తీసి, ఖాళీగా ఉండకూడదని నీది అక్కడ దూర్చి, పైకి తెచ్చాడు. నేను వద్దన్నాను. అది తెగడం కోసమే పెట్టింది నాన్నా, దోరాయ్ మరీ మరీ చెప్పింది అన్నాను. ‘మీ ఆవిడ చెప్పిందల్లా సువార్తేనా? నేను కొండమీద బండి నడిపేనాటికి దానికి పాలపళ్ళు కూడా రాలేదు’ అన్నాడు. షాఫ్టు రంధ్రం అరగదీసి నేను బిగించాను.”

పొదిగే కోడి లేచి, ఒకసారి ఒళ్ళు దులుపుకుని, మళ్ళీ కూర్చుంది.

“మరి నువ్వెందుకు చెప్పలేదు?” అంది దోరాయ్.

“ఆసుపత్రిలో చెబుదామనుకున్నాను. కాలు పోయిన మనిషిని పట్టుకుని, నీ కాలు నువ్వే తీసుకున్నావని ఎలా అనను? వారం పోనిద్దాం అనుకున్నాను. వారం పోయాక ఇంకో వారం. ఆ తర్వాత నువ్వే నీ అతుకు తప్పని నమ్మేశావు.”

“నేను నమ్ముతుంటే నువ్వు పక్కనే ఉన్నావు సాంతో.”

“ఉన్నాను.”

ఇంకేమన్నా ఆమె వినేది కాదు. బోల్టుని చొక్కా జేబులో వేసుకుని, గ్యాస్ గొట్టాలు విప్పి, కళ్ళద్దాలు పెట్టుకుంది.

“ముందు ఇరుసు కోద్దాం. గడ్డి మన కోసం ఆగదు. జాకీ పెట్టు.”

మధ్యాహ్నమంతా ముగ్గురూ అక్కడే ఉన్నారు. సాంతో జాకీ ఎత్తాడు, దోరాయ్ కోసింది. నిప్పురవ్వలు రాలుతుంటే తేర్యో కోడిపెట్టని, గుడ్లతో సహా గంపలోకి ఎత్తి దూరంగా పెట్టాడు. చాలాకాలం తర్వాత ఆయన చేసిన మొదటి పని అది. లూసింగ్ ఇచ్చిన అరటిముక్కలు తోపుడు బండిలోనే చల్లారిపోయాయి. ఇరుసు ఊడి నేలమీద పడ్డప్పుడు జీప్నీ వెనకభాగం ఒక్కసారి కుంగింది. తేర్యో కళ్ళు మూసుకున్నాడు. ఇరుసుని తాళ్ళతో ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కించారు.

దోరాయ్ చేతులు ఇసుకతో రుద్దుకుంటూ, భర్తని చూడకుండానే అంది. “యంత్రం చేస్తాను. ఊరికి మాటిచ్చాను కాబట్టి చేస్తాను. కానీ దాన్ని వెనక తగిలించాక ఆ సీటుమీద నువ్వు కూర్చోవు.”

“మరెవరు కూర్చుంటారు? ఆ వాలుమీద ట్రాక్టరు తిప్పడమంటే మాటలా? అడుగు తప్పితే లోయే.”

“ఎవరో ఒకరు. బోల్టు తెగితే దిగి మార్చుకునేవాళ్ళు. పదిసార్లు తెగితే పదిసార్లు దిగేవాళ్ళు.”

“అలాంటివాడు ఈ ఊళ్ళో...”

“నేను కూర్చుంటాను,” అన్నాడు తేర్యో.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆయన కర్ర ఊతతో లేచి నిలబడి ఉన్నాడు.

“నాన్నా, నీకు మతి పోయిందా? క్లచ్ ఎడమ పక్క ఉంటుంది.”

“తెలుసు. ముప్పయ్యేళ్ళు తొక్కాను.” ఆయన కొడుకుతో మాట్లాడటం లేదు. కోడలివైపే చూస్తున్నాడు. “చేత్తో లాగే క్లచ్ చేసిపెట్టు దోరాయ్. పెడల్‌కి ఒక కడ్డీ అతికి పైకి తీసుకురా. నీ చేత్తోనే అతుకు. వేరెవరిచేతా వద్దు. ఆ వాలుమీద నేను దిగుతున్నప్పుడు నా ప్రాణం ఆ అతుకుమీదే ఉంటుంది. ఊరంతా చూడనీ.”

ఆయన సరిగ్గా ఆలోచించే అన్నాడని దోరాయ్‌కి అర్థమైంది. పది నోళ్ళు వందసార్లు క్షమాపణ చెప్పినా అంత పని జరగదు. పైగా నిజం బయటపెట్టకుండానే జరిగిపోతుంది. ఆమె ట్రాక్టరు దగ్గరికి వెళ్ళి, వంగి, పెడల్‌ని చేత్తో నొక్కి చూసింది. బిగువు ఎక్కువే. కడ్డీ పొడుగ్గా ఉండాలి, పట్టుకునేచోట మలుపు కావాలి. చేయొచ్చు.

“చేస్తాను,” అంది నిటారుగా లేచి. “కొలత తీసుకోవాలి. ఎక్కి కూర్చోండి మావయ్యా.”

ముసలాయన మొహం వెలిగింది. కర్రని కొడుకు చేతికిచ్చి, మడ్‌గార్డ్ పట్టుకుని, ఉన్న కాలుని మెట్టుమీద పెట్టాడు.

“కానీ ఎక్కేముందు ఒక మాట,” అంది దోరాయ్. “ఆదివారం పూజ అయ్యాక ఊరంతా మందిరం ముందు కూడుతుంది, ఎవరు ఎటువైపు గడ్డి పోగెయ్యాలో తేల్చుకోడానికి. మీరక్కడికి వచ్చి, అందరి ముందూ లేచి, ఆ బోల్టు ఎవరు విప్పారో, ఎవరు బిగించారో మీ నోటితో చెప్పాలి. మీరూ, సాంతో, ఇద్దరూ. చెప్తానంటే ఎక్కండి, కొలత తీసుకుంటాను. లేదంటే దిగిపోండి.”

సాంతో తల వంచుకుని, మెల్లగా, “నేను చెప్తాను,” అన్నాడు.

పైన వాలుమీద గాలి లేచి, కోగన్ గడ్డి ఒక పక్కకి ఒరిగింది. తేర్యో రెండు చేతులూ మడ్‌గార్డ్‌ని పట్టుకునే ఉన్నాయి. ఒంటి పాదం మెట్టుమీద ఉంది. ఎక్కనూ లేదు, దిగనూ లేదు.